పండగ పద్దులో పొరుగువారి వాటా

మీ ప్రశ్నలు – మా జవాబులు

నవంబరు నడిమి నుంచి ఈ శీర్షికకు అందిన ఉత్తరాల్లో చాలా భాగం క్రిస్మస్ ఏర్పాట్ల గురించినవే. ఇంట్లో పండగ చేసుకుంటూనే పరులకు సాయపడటం ఎలాగన్నది వాటిలో పదేపదే కనిపించిన సందేహం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంటి రాబడి నెలకు 42 వేల రూపాయలు. క్రిస్మస్‌కు ఇంటికి రంగులు, నలుగురికీ కొత్త బట్టలు, పిండివంటలు, పండగనాటి భోజనం, క్యారల్స్ పాడటానికి వచ్చేవారికి మర్యాదలు, అన్నీ కలిపి 30 వేలు దాటుతున్నాయి. మా ఊళ్లోని వృద్ధాశ్రమానికి ఏదైనా ఇవ్వాలని ఏటా అనుకుంటాం. పండగ గడిచేసరికి చేతిలో పైసా ఉండదు. ఏం చేయమంటారు?
– గృహిణి, తెనాలి

జవాబు: మిగిలితే ఇద్దామనుకున్న సొమ్ము ఏ మధ్యతరగతి ఇంట్లోనూ మిగలదు. కాబట్టి మీరు మార్చుకోవలసింది పద్దు రాసే వరుస. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిది నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్యన పడుతుంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఖర్చుల జాబితా రాయండి. అందులో మొదటి పద్దు ఆశ్రమానిదై ఉండాలి. రంగులు, బట్టలు, మాంసం దాని తర్వాతే రావాలి. పండగ ఖర్చులో పదో వంతు అనుకుంటే మీ లెక్కకు 3 వేల రూపాయలవుతుంది. జీతం అందిన రోజునే ఆ మూడు వేలూ విడిగా తీసిపెట్టండి. మీరు సంఘానికి ఇచ్చే దశమ భాగాన్ని దీనిలో కలపవద్దు. అది మీ రాబడిని బట్టి ఇచ్చేది, ఇది మీ పండగను బట్టి ఇచ్చేది. రెంటినీ ఒకటి చేస్తే, సంఘానికి ఇచ్చేశాం కదా అన్న మాటతో రెండోది ఏటా జారిపోతుంది.

ఆ మూడు వేలు ఎక్కడి నుంచి వస్తాయన్నది మీ అసలు ప్రశ్న. మన కుటుంబాల్లో క్రిస్మస్‌కు ఒక జత, డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మరో జత బట్టలు కొనే అలవాటు చాలాచోట్ల ఉంది. పిల్లలకు అలాగే కొనండి. ఎదిగే పిల్లలకు ఎలాగూ రెండు జతలు కావాలి, పైగా వారి ముచ్చట తగ్గించి చేసే దానం వారి మనసులో దానం మీదే విసుగు పుట్టిస్తుంది. పెద్దలిద్దరూ మాత్రం ఒక్క జతతో సరిపెట్టుకోవచ్చు. రంగుల సంగతికి వస్తే, ఏటా ఇల్లంతా వేయించనక్కరలేదు. వీధి వైపు గోడలు, ముందు గది ఈ ఏడు, మిగతావి వచ్చే ఏడు అనుకుంటే ఇంటి అందానికి వచ్చే లోటేమీ లేదు. అర్ధరాత్రి చలిలో ఇల్లిల్లూ తిరిగి పాడుతూ వచ్చే క్యారల్స్ బృందానికి కేకుముక్క, కూల్‌డ్రింకు కన్నా వేడి టీ, నాలుగు బజ్జీలు ఎక్కువ సుఖమిస్తాయి. ఖర్చు కూడా సగానికి తగ్గుతుంది.

ఇక ఆ సొమ్ముతో ఏం కొనాలో మీరే నిర్ణయించకండి. డిసెంబరు మొదటి వారంలో ఒకసారి ఆశ్రమానికి వెళ్లి, అక్కడి నిర్వాహకులను, వీలైతే ఆ పెద్దలను కూడా అడగండి. పండగ నెలలో వృద్ధాశ్రమాలకు కేకులు, మిఠాయిలు, చీరలు, దుప్పట్లు వద్దన్నా వస్తాయి. అక్కడున్న వారిలో చక్కెర వ్యాధి ఉన్నవారు ఎందరో ఉంటారు కనుక ఆ మిఠాయిల్లో చాలా భాగం వారు తినలేనివే. వారికి నిజంగా కావలసినవి అడిగితే గాని బయటికి రావు: పెద్దలకు వాడే డైపర్లు, స్నానాల గదిలో జారకుండా వేసే రబ్బరు పట్టాలు, రోజూ వేసుకునే రక్తపోటు మాత్రలు, మెత్తని చెప్పులు, చదువుకునే కళ్లద్దాలు, కాఫీ పొడి. వీటిలో ఏదీ ఫొటోలో అందంగా కనిపించదు. కానీ చలికాలపు తెల్లవారుజామున తడి గచ్చు మీద కాలు జారి తుంటి ఎముక విరిగితే, ఆ వయసులో మంచం దిగడమే కష్టమవుతుంది. ఒక రబ్బరు పట్టా చేసే మేలు అప్పుడు తెలుస్తుంది. వీలైతే పండగ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మరోసారి వెళ్లి వారితో కూర్చుని రెండు పాత కీర్తనలు పాడండి. వారికి నోటికి వచ్చిన పాటలనే ఎంచుకోండి.

ప్రశ్న: మా యువజన సంఘం తరఫున సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కు ముందే జరుపుకునే వేడుక) రోజున 40 మంది పిల్లలున్న ఒక బాలల ఆశ్రమానికి వెళ్లి, కేకు కోయించి, శాంతాక్లాజ్ వేషంతో బహుమతులు పంచాలనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– కార్యదర్శి, యువజన సంఘం, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా ఆ ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో తెలుసుకోండి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థా, ప్రభుత్వానిదైనా స్వచ్ఛంద సంస్థదైనా, తప్పనిసరిగా నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే జైలు శిక్ష వరకు వెళుతుంది. రిజిస్ట్రేషన్ పత్రం చూపమని నిర్వాహకులను మర్యాదగా అడగవచ్చు, లేదా జిల్లా బాలల సంరక్షణ విభాగంలో విచారించవచ్చు. సక్రమంగా నడుపుతున్నవారు ఈ మాటకు నొచ్చుకోరు. పత్రం అడిగితే కోపం వచ్చే చోట మీ విరాళం పిల్లల దాకా చేరుతుందని నమ్మడం కష్టం. లోపల పిల్లలను కొడుతున్నారనో, పనులు చేయిస్తున్నారనో అనుమానం కలిగితే 1098 నంబరుకు ఫోన్ చేయండి.

రెండోది ఫొటోల సంగతి. ఈ విషయంలో కొంచెం గట్టిగానే చెప్పాలి. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, బడి, ముఖం కనిపించే ఫొటో వంటి గుర్తింపు వివరాలు బయటపెట్టడాన్ని అదే చట్టం 74వ సెక్షన్ నేరంగా చూస్తుంది. ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చట్టం మాట అలా ఉంచి, ఆ పిల్లవాడి వైపు నుంచి ఆలోచించండి. వాడు బడిలో తోటివాళ్లకు తాను ఆశ్రమంలో ఉంటున్నట్టు చెప్పుకొని ఉండకపోవచ్చు. కేకుముక్క పట్టుకుని వరుసలో నిలబడిన ఫొటో మీ సంఘం వాట్సాప్ గ్రూపులోకి, అక్కడి నుంచి ఊళ్లోకి పాకితే, మర్నాడు తరగతిలో వాడు తల ఎత్తుకోలేడు. ధర్మం చేసేటప్పుడు కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాటను మీకు నేను గుర్తు చేయనక్కరలేదు. దాతలకు లెక్క చూపాలంటే కొన్న సామాను ఫొటో, బిల్లులు, సంస్థ ఇచ్చిన రసీదు సరిపోతాయి.

బహుమతుల విషయానికి వస్తే, పిల్లల వయసులు, బట్టల కొలతలు, చెప్పుల నంబర్లు ముందుగా రాయించుకుని రండి. 40 మందికీ ఒకే కొలత చొక్కాలు తెస్తే పది మందికే సరిపోతాయి. ఆడపిల్లల లోదుస్తులు, శానిటరీ నాప్‌కిన్ల వంటివి మగవాళ్ల బృందానికి తోచవు, వార్డెన్‌కు అడగడానికి మొహమాటం. ఆ బాధ్యత మీ సంఘంలోని స్త్రీల సమాజానికి అప్పగించండి. ఒకరికి సైకిలు, మరొకరికి పెన్సిళ్ల డబ్బా అన్నట్టు హెచ్చుతగ్గులు రానివ్వకండి.

తినుబండారాల్లో క్రీము కేకు కన్నా మన పిండివంటలు మేలని నా అభిప్రాయం. క్రీము కేకును ఫ్రిజ్ లేని హాస్టల్లో మర్నాటి దాకా ఉంచలేరు. సరిగా చేసిన అరిసె పది పదిహేను రోజులు నిల్వ ఉంటుంది. బియ్యం ఒక పగలూ రాత్రీ నానబెట్టి, నీళ్లు వార్చి, చేతికి తడి తగులుతుండగానే పిండి కొట్టించి జల్లించాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం పాకం పట్టి, ఒక చుక్క నీళ్ల గిన్నెలో వేసి చూస్తే వేళ్ల మధ్య మెత్తని ఉండ కట్టాలి. ఉండ కట్టకముందే దించితే అరిసె నూనెలో విడిపోతుంది, గట్టిపడ్డాక దించితే పళ్లకు పని పెడుతుంది. వేయించిన అరిసెను చెక్కల మధ్య పెట్టి నూనె పిండే పని పది మంది కలిసి చేస్తే గంటల్లో తెములుతుంది. మీ బృందంలోని అమ్మలు, అత్తలు ఒక శనివారం ఒకచోట చేరితే ఆ పని వాళ్లకూ సంబరమే. అయితే ఆశ్రమం వారు బయట వండినవి తీసుకుంటారో లేదో ముందే కనుక్కోండి. భద్రత కోసం వద్దనే సంస్థలు ఉన్నాయి, వారి నియమాన్ని మన్నించి కందిపప్పు, నూనె, బెల్లం, వేరుసెనగలు ఇచ్చి రండి.

చివరిగా తేదీ గురించి ఒక మనవి. డిసెంబరు పదో తేదీ నుంచి 25 వరకు ఆ పిల్లలు దాదాపు రోజుకొక బృందం ముందు పాట పాడి, చప్పట్లు కొట్టి, ధన్యవాదాలు చెప్పి అలసిపోతారు. ఫిబ్రవరిలో ఆ గేటు తీసేవారుండరు. మీరు సేకరించిన దానిలో సగం ఇప్పుడు ఇచ్చి, మిగతా సగంతో పరీక్షల ముందు గైడ్లు, పరీక్ష అట్టలు, జూన్‌లో బూట్లు, నోటు పుస్తకాలు కొంటామని సంస్థతో మాట్లాడుకుంటే, మీ యువకులకు ఆ పిల్లల పేర్లు తెలిసేంత పరిచయం కూడా ఏర్పడుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఏటా క్రిస్మస్‌కు చీర, కొంత డబ్బు ఇస్తాం. దీన్ని మా దానధర్మాల లెక్కలో వేసుకోవచ్చా?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: వేసుకోకూడదు. బూజులు దులపడం, పరదాలు ఉతకడం, చుట్టాలు తిన్న గిన్నెలు తోమడం వల్ల డిసెంబరులో ఆమె పని రెట్టింపవుతుంది. ఆమెకు ఇచ్చే డబ్బు ఆ కష్టానికి ప్రతిఫలం, చీర మీ ఇంటి ఆనవాయితీ. రెండూ పండగకు వారం ముందే ఇవ్వండి, ఆమె తన పిల్లలకు కొనుక్కోవలసినవి కొనుక్కోగలుగుతుంది. 25న, ఆమె ఏ మతస్థురాలైనా సరే, ఆ ఒక్క రోజూ జీతం కోయకుండా సెలవు ఇవ్వండి.

ప్రశ్న: మాకు ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు వయసున్న పిల్లలు. తీసుకోవడమే గాని ఇవ్వడం తెలియకుండా పెరుగుతారేమోనని బెంగగా ఉంది. ఈ పండగకు వారితో ఏం చేయించవచ్చు?
– ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: మన పాత సంఘాల్లో స్త్రీలు పాటించిన గుప్పెడు బియ్యం పద్ధతిని మీ వంటింట్లో మళ్లీ మొదలుపెట్టండి. అన్నానికి ఎసరు పెట్టేముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. మిజోరం సంఘాల్లో 1910లో మొదలైన ఈ పద్ధతి అక్కడ నేటికీ ఇంటింటా సాగుతోంది, దాని రాబడి సంఘ సేవకు పెద్ద ఆధారమైంది. గుప్పెడు అంటే సుమారు 50 గ్రాములు. రోజుకు రెండు పూటల చొప్పున నాలుగు వారాలకు 2 కిలోల 800 గ్రాములవుతుంది. మీ వీధిలో పది ఇళ్లవారు కలిస్తే 28 కిలోలు. ఒక పూట మీ చిన్నది, ఒక పూట పెద్దవాడు వేయాలి. ఆ గుప్పెడు పెద్దవాళ్లు తినే అన్నంలోంచి తగ్గుతోందని వారి కళ్లతో వారు చూడాలి, అందుకని తర్వాత ఇంకాస్త పోసి సరిచేయకండి. ఇంట్లోని బొమ్మలు ఇవ్వాలని పిల్లలే అంటే సంతోషించండి. కానీ చక్రం ఊడినవి, చిరిగినవి ఇవ్వనివ్వకండి. తాము పుచ్చుకోవడానికి ఇష్టపడే వస్తువునే ఎదుటివారికి ఇవ్వాలన్న నియమం పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు, పట్టుకుంటారు.

ప్రశ్న: ఇంటి అలంకరణకు ఏటా ప్లాస్టిక్ సామాను కొంటున్నాం. ఈసారి చేతిపనివాళ్లకు ఉపయోగపడేలా కొనాలనుకుంటున్నాం. అలా కొనడం కూడా సేవ అవుతుందా?
– పాఠకురాలు, భీమవరం

జవాబు: మీకు పక్కనే నరసాపురం ఉంది. గోదావరి తీరపు ఆ ఊరిలోను, చుట్టుపక్కల పల్లెల్లోను వేల మంది స్త్రీలు ఇంటిపనుల మధ్య లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన ఈ పని తరతరాలుగా అక్కడి ఆడవాళ్ల చేతుల్లో పండిపోయింది, 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అరుగు మీద కూర్చుని, కొక్కెం సూదితో నూలు దారాన్ని ముడి మీద ముడి వేస్తూ అల్లితే చిన్న నక్షత్రాలు, గంటలు, చెట్టుకు వేలాడదీసే దేవదూతలు తయారవుతాయి. గంజి పెట్టి ఆరబెడితే బిరుసుగా నిలబడతాయి, పండగయ్యాక ఉతికి దాచుకుంటే ఏళ్ల తరబడి ఉంటాయి. విదేశాల ఇళ్లలో క్రిస్మస్ బల్లల మీద పరుచుకునే గుడ్డల్లో మన ఈ పల్లెల్లో అల్లినవి ఉన్నాయన్న సంగతి మన ఇళ్లకే సరిగా తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

యేసు పుట్టుకను చూపుతూ ఇంట్లో అలంకరించే పశువుల పాకలో పెట్టే బొమ్మలకు ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలు, కొండపల్లి తెల్ల పొణికి బొమ్మలు ఉన్నాయి. కొండపల్లి ఆవులు, ఎద్దుల బండ్లు, తలపాగా రైతులు పక్కన నిలబడితే బేత్లెహేము మన ఊరి పొలిమేరలోనే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇక సేవ అవుతుందా అన్నదానికి నా జవాబు కాదనే. కొనడం కొనడమే. పనిమంతురాలు మీ దయ కోరడం లేదు, తన పనికి తగిన ధర కోరుతోంది. లేసు పనిలో ముక్కకు ఇంత చొప్పున కూలి కట్టే దళారుల చేతులు దాటి వచ్చేసరికి అల్లినామెకు దక్కేది కొంచెమే కనుక, వీలైతే స్వయం సహాయక సంఘాల దగ్గరో, అల్లేవారి దగ్గరో నేరుగా కొనండి, బేరం ఆడకండి. డిసెంబరు 20న వెళ్లి రేపటికి కావాలంటే ఆమె రాత్రంతా కళ్లు పొడుచుకోవాలి, ఇప్పుడే చెప్పి సగం డబ్బు ముందుగా ఇవ్వండి. పండగ కార్డులు అచ్చువేసి అమ్మి, ఆ లాభంతో పిల్లల సేవ చేసే పద్ధతి వేరు. యునిసెఫ్ 1949లో అలా మొదలుపెట్టింది, మన దేశంలో రిప్పన్ కపూర్ 1979లో స్థాపించిన క్రై సంస్థ కార్డుల ద్వారానే ఇంటింటికీ తెలిసింది. అలాంటివి కొన్నప్పుడు మీ సొమ్ములో కొంత భాగం విరాళంగా వెళుతుంది. ఎంత భాగమో కార్డు వెనుక రాసి ఉందేమో చూసి కొనండి.

ప్రశ్న: పండగ రోజుల్లో ఫోన్‌కు ఎన్నో విరాళ విజ్ఞప్తులు, క్యూఆర్ కోడ్‌లు వస్తున్నాయి. ఏది నిజమో ఎలా తెలుసుకోవాలి? పన్ను మినహాయింపు వస్తుందా?
– ప్రభుత్వోద్యోగి, హైదరాబాద్

జవాబు: ఆపదలో ఉన్న బిడ్డ ఫొటో, ఈ రాత్రికే డబ్బు కావాలన్న తొందర, ఒక వ్యక్తి పేరుతో ఉన్న క్యూఆర్ కోడ్, ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే ఆగండి. కోడ్ స్కాన్ చేయగానే తెర మీద ఖాతాదారు పేరు వస్తుంది; అది సంస్థ పేరు కాకపోతే పంపకండి. నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్న సంస్థలకు ఒక ప్రత్యేక సంఖ్య ఉంటుంది, దాన్ని అడిగి సరిచూసుకోవచ్చు. అయితే ఆ సంఖ్య ఉన్నంత మాత్రాన సంస్థ పనితీరు బాగుందని అర్థం కాదు. నిరుటి ఆడిట్ లెక్కలు చూపించమనండి, దగ్గరలో ఉంటే స్వయంగా వెళ్లి చూసి రండి. మోసపోయారని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో నిలిపివేయడానికి అంత వీలుంటుంది.

80జి అన్న పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది, కొత్త విధానం ఎంచుకున్నవారికి లేదు. గుర్తింపు ఉన్న చాలా సంస్థల విషయంలో ఇచ్చిన దానిలో సగానికే, అదీ ఆదాయాన్ని బట్టి ఒక పరిమితి మేరకు మినహాయింపు లభిస్తుంది. 2 వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చినదానికి, బియ్యం, బట్టల వంటి వస్తువులుగా ఇచ్చినదానికి రాదు. మామూలు రసీదుతో పాటు, సంస్థ ఆదాయపు పన్ను శాఖకు వివరాలు దాఖలు చేసి ఇచ్చే ధ్రువపత్రం కూడా తీసుకోండి. నా సలహా మాత్రం ఇది: ముందు అవసరాన్ని చూసి ఎంత ఇవ్వాలో తేల్చుకుని, ఆ తర్వాతే పన్ను సంగతి చూడండి. నమోదు కాని మీ వీధి చివరి పేషెంటుకు మందులు కొనిస్తే మినహాయింపు రాదు, అయినా ఆ మందులు అవసరమే.

ప్రశ్న: మా సంఘంలో గుడి అలంకరణకు, దీపాలకు చేసే ఖర్చంతా పేదలకు పంచాలని కొందరు, ప్రభువు మందిరానికి చేసేది వ్యర్థం కాదని కొందరు వాదిస్తున్నారు. మీ అభిప్రాయం?
– సంఘ పెద్ద, మెదక్ జిల్లా

జవాబు: మీ జిల్లా కేంద్రంలోని చర్చి చరిత్రే ఈ వాదనకు సగం జవాబు చెబుతుంది. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై పదేళ్లు సాగిన ఆ నిర్మాణం, కరవుతో అల్లాడుతున్న చుట్టుపక్కల జనానికి పని చూపించి అన్నం పెట్టింది. 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, దాన్ని ప్రతిష్ఠించారు. అక్కడ మందిరానికి పెట్టిన ఖర్చే పేదవాడి కంచంలోకి వెళ్లింది. మీ సంఘం కూడా దీపాలు పూర్తిగా మానేయనక్కరలేదు. అలంకరణ పనిని నగరం నుంచి వచ్చే కంపెనీకి ఇవ్వకుండా మీ ఊరి ఎలక్ట్రీషియన్‌కు, పూలు కట్టే కుటుంబాలకు ఇవ్వండి. పండగనాటి సహపంక్తి భోజనంలో, సంఘ సభ్యులు కాకపోయినా ఆ వీధిలో ఒంటరిగా ఉన్న వృద్ధులను, ఇటుక బట్టీలకు వలస వచ్చిన కూలీలను అదే వరుసలో, అదే విస్తరిలో కూర్చోబెట్టండి. పెద్దల భోజనాలు అయ్యాక వెనుక గేటు దగ్గర పొట్లాలు పంచే పద్ధతి ఉంటే దాన్ని ఈ ఏడే మాన్పించండి.

ప్రశ్న: మేము ముగ్గురం అన్నదమ్ములం అమెరికాలో ఉంటున్నాం. కృష్ణా జిల్లాలోని మా ఊరి దగ్గర ఒక వికలాంగుల పాఠశాలకు క్రిస్మస్ సందర్భంగా కలిసి డబ్బు పంపాలనుకుంటున్నాం. నేను భారతీయ పాస్‌పోర్టుతోనే ఉన్నాను, తమ్ముళ్లిద్దరూ అమెరికా పౌరులయ్యారు. పద్ధతి ఏమిటి?
– పాఠకుడు, డాలస్

జవాబు: మీ ముగ్గురికీ పద్ధతి ఒకటి కాదు. భారతీయ పౌరులుగా ఉన్నవారు విదేశంలో సంపాదించి, తమ సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే విరాళాన్ని 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం విదేశీ విరాళంగా లెక్కించదు. కాబట్టి మీరు పాఠశాల మామూలు ఖాతాకే పంపవచ్చు. మీ పాస్‌పోర్టు ప్రతిని వారి దగ్గర ఉంచితే రేపు ఆడిట్‌లో వారికి ఇబ్బంది ఉండదు. మీ తమ్ముళ్ల సంగతి వేరు. వారికి ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డు ఉన్నా చట్టం దృష్టిలో వారు విదేశీయులే. వారి విరాళం పుచ్చుకోవాలంటే పాఠశాలకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఆ సంస్థ తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే చేరాలి. ఆ ఏర్పాటు లేదని వారు చెబితే, తమ్ముళ్ల సొమ్మును మీ ఖాతాలోనో, ఊళ్లో ఉన్న అమ్మగారి ఖాతాలోనో వేసి అక్కడి నుంచి ఇప్పించే ఉపాయం చేయకండి. చిక్కు వస్తే చిక్కుకునేది ఆ పాఠశాలే. అలాంటప్పుడు తమ్ముళ్లు భారతదేశంలో పనిచేస్తున్న, అమెరికాలో 501(సి)(3) అనే ధార్మిక సంస్థ హోదా ఉన్న సంస్థ ద్వారా ఇస్తే అక్కడి పన్ను మినహాయింపు కూడా పొందగలుగుతారు. మన దేశంలోని సంస్థకు నేరుగా పంపితే అమెరికాలో అది రాదు.

బ్యాంకు పనులకు, పత్రాలకు రెండు మూడు వారాలు పట్టవచ్చు కనుక 25లోగా చేరాలన్న పట్టుదల పెట్టుకోకండి. ఈలోగా అమ్మగారిని ఒకసారి ఆ పాఠశాలకు వెళ్లి మాట్లాడి రమ్మనండి. ఎన్ని చక్రాల కుర్చీలు మరమ్మతుకు వచ్చాయో, వినికిడి యంత్రాల బ్యాటరీలు నెలకు ఎన్ని కావాలో, వాహనం డ్రైవరు జీతం ఎవరు ఇస్తున్నారో ఆమె కనుక్కుని మీకు ఫోన్‌లో చెబితే, ఎంత పంపాలో, ఏడాదికి ఎన్ని విడతలుగా పంపాలో మీరు ముగ్గురూ అప్పుడు తేల్చుకోవచ్చు.